ఎక్స్‌రే గదికీ పరీక్షలున్నాయి

ప్రతి ఏటా మార్చి నెల వచ్చేసరికి మీకు పరీక్షల హడావిడి. అమలాపురంలోగాని, రాజోలులోగాని, కొత్తపేటలోగాని ఏ ఆసుపత్రిలో ఎక్స్‌రే గది ఉన్నా, దానికీ ఇలాంటి పరీక్షలే ఉన్నాయని మీలో ఎంతమందికి తెలుసు? గోడలకు ఒక పరీక్ష, యంత్రానికి ఒక పరీక్ష, దానిని నడిపే మనిషికి ఒక పరీక్ష. ఆ మనిషి చొక్కాకు తగిలించుకునే చిన్న బిళ్ళను కూడా మూడు నెలలకొకసారి పరీక్షకు పంపవలసిందే. ఈ ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తారు? అందులో ఏమడుగుతారు? మీరు చదువుకున్న భౌతికశాస్త్రం, కొద్దిపాటి లెక్కలు చేతిలో ఉంటే ఇందులో చాలా భాగం మీకే బోధపడుతుంది.

కోనసీమలో ఎక్స్‌రేతో పని లేని కుటుంబం అరుదు. కొబ్బరి దింపుకు చెట్టెక్కిన మనిషి పట్టు తప్పి పడితే తుంటి ఎముకో, వెన్నుపూసో దెబ్బతింటుంది. కాలువ గట్టుమీద సైకిలు జారితే ముంజేయి విరుగుతుంది. పొగ పట్టిన దగ్గు తగ్గకపోతే ఊపిరితిత్తుల ఫోటో తీయించుకు రమ్మంటారు. ఆ ఫోటో సరిగా రాకపోతే డాక్టరుగారు కట్టు తప్పుగా కట్టవచ్చు. లేదా “మళ్ళీ తీయించండి” అంటారు. మళ్ళీ తీయడమంటే మళ్ళీ డబ్బు ఖర్చు, మళ్ళీ శరీరంలోనికి కిరణాలు. నా దగ్గర చదివిన పిల్లవాడొకడికి ఒకే మణికట్టును ఒకేరోజున ఒకచోట మూడుసార్లు తీశారు. మొదటి రెండింటిలో విరిగిన చోటు పడనేలేదట! అది ఎందువల్ల జరుగుతుందో ముందు ముందు చూద్దాం.

కనపడని శత్రువు

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కిరణాలను కనుగొన్నాడు. అవి ఏమిటో తెలియదు కాబట్టి, బీజగణితంలో తెలియని రాశికి పెట్టినట్లే, వాటికి ‘ఎక్స్’ అని పేరు పెట్టాడు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతి ఎముకల ఛాయను తీశాడు. నెలలు తిరగకుండా ప్రపంచమంతటా డాక్టర్లు ఈ యంత్రాలు కొనుక్కున్నారు. ఎవరికీ భయం లేదు. ఎందుకంటే ఈ కిరణాలు తగిలితే వేడి తెలియదు, నొప్పి తెలియదు, వెలుగు కనపడదు.

అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో క్లారెన్స్ డాలీ అనే సహాయకుడుండేవాడు. గొట్టం పనిచేస్తున్నదో లేదో చూడడానికి తన చేతినే కిరణాలకు అడ్డం పెట్టి చూచుకునేవాడు. చేతులు పుండ్లుపడ్డాయి, క్యాన్సరుగా మారాయి. రెండు చేతులూ తీసివేసినా ప్రాణం దక్కలేదు. 1904లో చనిపోయాడు. అటువంటి వారందరి జ్ఞాపకార్థం 1936లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఒక స్మారక స్తంభం నిలిపారు. దానిమీద మొదట చెక్కిన పేర్లే 169. అంతకుముందే, 1928లో, స్టాక్‌హోమ్‌లో ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడి, ఈ కిరణాలతో పనిచేసే వారికి రక్షణ నియమాలు వ్రాయడం ప్రారంభించింది. ఈనాటి ప్రశ్నపత్రానికి మూలం అక్కడ ఉన్నది.

మన దేశంలో ఈ పరీక్షాధికారి అణుశక్తి నియంత్రణ మండలి. 1983 నవంబరు 15న ఏర్పడింది. అణువిద్యుత్ కేంద్రాలను గమనించే ఈ మండలికి మన ఊరి ఎక్స్‌రే గదితో ఏం పని అని మీరడగవచ్చు. రెండు చోట్లా పుట్టేది శరీర కణాలలోని అణువులను అయానీకరించగల కిరణాలే. అందుచేత రెంటికీ ఒకే కాపలాదారు. యంత్రం కొన్న ఆసుపత్రి ‘ఈ-లోరా’ అనే కంప్యూటరు విధానం ద్వారా మండలికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ రకం యంత్రానికి మండలి ఆమోదం ఉండాలి, గది పటం పంపాలి, పరీక్షల నివేదిక పంపాలి, రేడియేషన్ భద్రతకు బాధ్యుడైన ఒక అధికారి పేరు చూపాలి. అన్నీ సరిపోతే లైసెన్సు వస్తుంది. అది శాశ్వతం కాదు. గడువు తీరితే మళ్ళీ తెచ్చుకోవాలి.

గోడల లెక్క

ముందుగా గది. 2001లో మండలి వెలువరించిన నియమావళిలో మామూలు ఎక్స్‌రే గది 18 చదరపు మీటర్లకు తగ్గకూడదన్నారు. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు అనుకోండి. మీ తరగతి గదిని టేపుతో కొలిచి చూస్తే అందులో మూడో వంతో, సగమో ఉంటుంది. సి.టి. స్కాను గదికి ఇంకా ఎక్కువ కావాలి. గది ఎందుకు పెద్దదిగా ఉండాలి? దీనికి జవాబు మీరు దీపపు కాంతి పాఠంలో చదివిన విలోమ వర్గ నియమం. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు అవుతుంది. ఖర్చు లేని రక్షణ దూరమే.

తరువాత గోడ. కిరణాలు సూటిగా వచ్చి పడే గోడ కనీసం 35 సెంటీమీటర్ల ఇటుక గోడగా ఉండాలనీ, చెదరిన కిరణాలు మాత్రమే పడే మిగతా గోడలు 23 సెంటీమీటర్లయినా చాలుననీ మండలి సూచన. ఇదేమిటి, ఒక గోడకొక లెక్కా? అవును. లెక్క కోసం ప్రతి 3.5 సెంటీమీటర్ల ఇటుక కిరణాలను సగానికి తగ్గిస్తుందనుకుందాం. (నిజమైన విలువ యంత్రపు వోల్టేజిని బట్టి, ఇటుక సాంద్రతను బట్టి మారుతుంది.) 35 సెంటీమీటర్లలో అటువంటి పొరలు పది. సగంలో సగం, అందులో సగం... ఇలా పదిసార్లు తగ్గిస్తే 1024లో ఒక వంతు బయటపడుతుంది. 23 సెంటీమీటర్లలో పొరలు ఆరున్నర చిల్లర. బయటపడేది సుమారు 95లో ఒక వంతు. పది రెట్లకు పైగా తేడా! కాని రోగి శరీరం నుంచి చెదరివచ్చే కిరణాలు ఒక మీటరు దూరంలోనే, శరీరంమీద పడినవాటిలో సుమారు వెయ్యో వంతు మాత్రమే ఉంటాయి. వాటికి పలుచని గోడ సరిపోతుంది.

ఇక్కడ నాదొక మాట. ఇప్పుడు మన ప్రాంతంలో లోపల బోలుగా ఉండే సిమెంటు ఇటుకలు బాగా వాడుకలోకి వచ్చాయి. బయటినుంచి కొలిస్తే మందం సరిపోయినట్లే ఉంటుంది. లోపలి గాలి కిరణాలనేమి ఆపుతుంది? మేస్త్రీకి ఈ సంగతి తెలియదు. తెలియజేయవలసినవాడు కట్టించేవాడు. అందుకే పటం మీద గోడ మందంతోపాటు అది దేనితో కట్టిందో కూడా వ్రాయాలి.

తలుపులకు, కిటికీలకు ఇటుక పనికిరాదు కదా. అక్కడ 1.7 మిల్లీమీటర్ల సీసపు రేకు 23 సెంటీమీటర్ల ఇటుకతో సమానమని లెక్క. సీసం సాంద్రత, అణుసంఖ్య రెండూ ఎక్కువ కాబట్టి అంత పలుచని రేకు చాలు. గాలికోసం వదిలిన రంధ్రాలు బయటి నేలనుంచి రెండు మీటర్లకు పైన ఉండాలి. లోపలి నేలనుంచి కాదు సుమా, బయట మనుషులు నడిచే నేలనుంచి. గోదావరి వరదలకు భయపడి మనవాళ్ళు భవనాలకు పునాది ఎత్తుగా లేపి, చుట్టూ అరుగులు కడతారు. రోగుల బంధువులు కూర్చునేది ఆ అరుగుమీదే. కాబట్టి కొలత రోడ్డు మీదినుంచి కాక అరుగుమీదినుంచి తీసుకోవాలి.

ఈ గోడల సంగతి విని కొందరు ఎక్స్‌రే తీసిన తరువాత కూడా ఆ గదిలో కిరణాలు మిగిలి ఉంటాయని భయపడతారు. అది పొరపాటు. గొట్టంలో వేగంగా పరుగెత్తే ఎలక్ట్రానులు టంగ్‌స్టన్ లోహాన్ని ఢీకొన్నప్పుడు మాత్రమే కిరణాలు పుడతాయి. వాటి శక్తిలో నూటికి 99 పాళ్ళు వేడిగానే పోతుంది, ఒక్క పాలు ఎక్స్ కిరణాలవుతుంది. స్విచ్చి తీయగానే, బల్బు ఆర్పితే వెలుగు పోయినట్లే, అంతా ఆగిపోతుంది. తలుపుమీది ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపు లోపలికి పోకూడదు, అంతే.

నాణాలతో పరీక్ష

ఇక యంత్రం. ఇందులో నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. దానికి కావలసినవి కొన్ని నాణాలు!

ఎక్స్‌రే తీసేముందు యంత్రంలోనుంచి ఒక మామూలు వెలుగు చతురస్రం మీ చేతిమీద పడుతుంది. కిరణాలు పడేచోటు చూపడానికి అది గురుతు. కాని ఆ వెలుగు ఒక చిన్న బల్బునుంచి అద్దంమీద పడి వస్తుంది. కిరణాలు మాత్రం గొట్టంనుంచి నేరుగా వస్తాయి. అద్దం కొంచెం కదిలితే వెలుగు ఒకచోట, కిరణాలు మరొకచోట పడతాయి. కంటికి అంతా సరిగానే కనపడుతుంది. విరిగిన మణికట్టు చిత్రంలో పడదు, దాని బదులు పొట్టమీద పడవచ్చు. పైన చెప్పిన పిల్లవాని సంగతి ఇటువంటిదే కావచ్చునని నా అనుమానం.

పరీక్ష చేసే విధం ఇది. బల్లమీద వెలుగు చతురస్రం నాలుగు అంచులలోను, ఒక్కొక్క అంచుకు లోపల ఒకటి, బయట ఒకటి, రెండేసి నాణాలు తాకేటట్లు పెడతారు. దిక్కు గురుతుకు తొమ్మిదో నాణెం ఒక మూలన పెడతారు. చిత్రం తీస్తే నాణాల నీడలు పడతాయి. లోపలి నాణాలు పూర్తిగా, బయటివి అసలు పడకుండా ఉంటే వెలుగూ కిరణాలూ ఒకటేనన్నమాట. తేడా ఉంటే, గొట్టంనుంచి బల్లకున్న దూరంలో నూటికి రెండు పాళ్ళు మించకూడదు. ఒక మీటరు దూరానికి రెండు సెంటీమీటర్లు. అంతకు మించితే యంత్రం తప్పినట్లే, బాగుచేయించే వరకు వాడరాదు.

మిగతా పరీక్షలు చెప్పడం సులభం, చేయడానికి పరికరాలు కావాలి. మీటరుమీద 70 కిలోవోల్టులని చూపితే నిజంగా అంతే ఉన్నదా? సమయం అర సెకండని పెడితే అర సెకండే పడుతున్నదా? గొట్టం పెట్టెలోనుంచి పక్కలకు కారే కిరణాలు హద్దులోనే ఉన్నాయా? కిరణాల దారిలో అల్యూమినియం రేకు ఉన్నదా? ఈ చివరిది ఎందుకంటే, బలహీనమైన కిరణాలు చర్మంలోనే ఆగిపోయి, చిత్రానికి ఉపయోగపడకుండా శరీరానికి హానిమాత్రం చేస్తాయి. అల్యూమినియం రేకు జల్లెడలాగా వాటిని ఆపి, గట్టివాటిని పోనిస్తుంది. ఈ పరీక్షలన్నీ రెండేళ్ళకొకసారి, ముఖ్యమైన మరమ్మతు జరిగినప్పుడల్లా చేయించాలి. రెండేళ్ళంటే చాలా ఎడమని నా అభిప్రాయం. కరెంటు వోల్టేజి ఎగిసిపడే చోట, తుఫానుల కాలంలో, నాణాల పరీక్షవంటివి నెలకొకసారి ఆసుపత్రివారే చేసుకుంటే పోయేదేమీ లేదు. తొమ్మిది నాణాలు, అయిదు నిమిషాల పని.

వెలుగును దాచుకునే బిళ్ళ

ఎక్స్‌రే గదిలో పనిచేసే మనిషిని చూడండి. ఛాతీమీద చిన్న బిళ్ళ పెట్టుకుంటాడు. సీసపు తొడుగు వేసుకుంటే దానికి లోపలివైపున పెట్టుకోవాలి. మన దేశంలో వాడే ఈ బిళ్ళలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేటు ఉంటుంది. కిరణాలు తగిలినప్పుడు ఈ పదార్థంలోని ఎలక్ట్రానులు కొన్ని పైకెగసి, దారిలో గోతులవంటి చోట్ల చిక్కుకుంటాయి. నెలలు గడిచినా అక్కడే ఉంటాయి. ప్రయోగశాలలో బిళ్ళను వేడిచేస్తే అవి బయటపడి, పడిపోతూ వెలుగునిస్తాయి. ఎంత వెలుగు వస్తే అన్ని కిరణాలు తగిలాయని లెక్క. కనపడని కిరణానికి ఈ విధంగా చిట్టా వ్రాస్తున్నారు.

ఆ చిట్టాకు హద్దులున్నాయి. కొలత పేరు మిల్లీసీవర్టు. ఈ పనిచేసేవారికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మించకూడదు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. అరుగుమీద కూర్చున్న మామూలు మనుషులకు, ఇటువంటి పనుల వల్ల వచ్చేది ఏడాదికి 1 మాత్రమే. పద్దెనిమిదేళ్ళు నిండనివారిని ఈ ఉద్యోగంలో పెట్టకూడదు. బిళ్ళను మేకుకు తగిలించి పనిచేస్తే చిట్టాలో సున్న వస్తుంది, కాని అది మేకుకు వచ్చిన సున్న. ఈ మాట మా పాత విద్యార్థి, ఇప్పుడు రేడియోగ్రాఫరుగా ఉన్నవాడు, నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

మరి రోగికి హద్దెంత? రోగికి హద్దు లేదు! ఇది విని ఆశ్చర్యపడకండి. వెన్నెముక విరిగినవాడికి “నీ కోటా అయిపోయింది, ఇక తీయం” అనలేం కదా. దాని బదులు రెండు ప్రశ్నలు వేస్తారు: ఈ చిత్రం నిజంగా అవసరమా? అవసరమైతే, ఎంత తక్కువ కిరణాలతో తీయగలం? ప్రకృతినుంచి, అంటే నేలనుంచి, ఆకాశంనుంచి, మనం తినే తిండినుంచి, ప్రపంచ సగటున మనకు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ వస్తాయి. ఛాతీ ఎక్స్‌రే ఒకటి సుమారు 0.02. అంటే మూడు రోజుల ప్రకృతి వాటా. పొట్ట సి.టి. స్కాను సుమారు 8. అది మూడేళ్ళ పైచిలుకు వాటా. రెండింటినీ “స్కానింగు” అని ఒకే గాటన కట్టకూడదని ఇందువల్ల తెలుస్తుంది. పెరిగే వయసులో ఉన్న మీకు, గర్భిణులకు ఈ తేడా మరీ ముఖ్యం. అందుకే గర్భిణులు ముందుగా చెప్పాలని ప్రతి ఎక్స్‌రే గది వద్ద తెలుగులో కూడా బోర్డు ఉండాలి.

కిరణం లేకపోయినా చట్టం ఉంది

అల్ట్రాసౌండు యంత్రంలో ఎక్స్ కిరణాలు లేవు. మన చెవికి వినపడని శబ్ద తరంగాలు మాత్రమే. అందుకని దానికి అణుశక్తి మండలి లైసెన్సు అక్కరలేదు. అయినా దానికొక గట్టి చట్టమున్నది, 1994లో వచ్చి, 2003లో మరింత బిగించబడింది. కారణం భౌతికశాస్త్రంలో లేదు, మన ఇళ్ళలో ఉంది. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలుసుకుని ఆ పిండాన్ని తీసివేయించే దుర్మార్గానికి ఈ యంత్రాన్ని వాడారు. కాబట్టి ప్రతి స్కానింగు సెంటరూ జిల్లా స్థాయి అధికారి వద్ద నమోదు చేసుకోవాలి, నమోదు పత్రం కనపడేటట్లు గోడకు పెట్టాలి, గర్భిణీ స్త్రీకి చేసిన ప్రతి స్కానింగుకు ఒక నిర్ణీత పత్రం నింపి భద్రపరచాలి. లింగనిర్ధారణ చేయబడదన్న బోర్డు పెట్టాలి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పటినుంచి ఆ అధికారులు అమలాపురంలోనే ఉంటున్నారు.

ఎమ్.ఆర్.ఐ. సంగతి వేరు. అక్కడ ప్రమాదం అయస్కాంతం. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి ముప్పైవేల రెట్ల పైమాటే. 2018 జనవరిలో ముంబాయిలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళిన యువకుడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ యంత్రానికి మండలి లైసెన్సు లేదు. మరి దీని పరీక్ష ఎవరు పెడతారు?

లైసెన్సు వేరు, గుర్తింపు వేరు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడు మనం రెండు కోరుకుంటాం. ఒకటి, అది మునగకూడదు. రెండు, మనల్ని సరియైన రేవులో, సరియైన వేళకు దించాలి. లైసెన్సు మొదటి ప్రశ్న అడుగుతుంది: ఈ గదివల్ల ఎవరికైనా హాని ఉన్నదా? రెండో ప్రశ్న అడిగేది గుర్తింపు, అనగా అక్రెడిటేషన్: ఇక్కడ తీసిన చిత్రాన్ని, ఇచ్చిన రిపోర్టును నమ్మవచ్చునా?

మన దేశంలో ఈ పని చేసే సంస్థ, 2005లో ఏర్పడిన ఆసుపత్రుల జాతీయ గుర్తింపు మండలి. ఎన్.ఎ.బి.హెచ్. అని బోర్డులమీద చూచే ఉంటారు. దీనిని తెచ్చుకోవడం ఇష్టాన్ని బట్టి, లైసెన్సులాగా తప్పనిసరి కాదు. దీనివారి ప్రశ్నలు మరో రకం. ఒకే పేరుగల ఇద్దరు రోగులు వస్తే ఎలా గుర్తుపడతారు? (మన ఊళ్ళలో సత్యనారాయణలు ఎంతమందో ఆలోచించండి!) చిత్రంమీద కుడి, ఎడమ గురుతు వేస్తారా? ప్రాణాపాయం కనపడితే డాక్టరుకు ఎంతసేపట్లో ఫోను చేస్తారు, చేసినట్లు వ్రాసి ఉంచుతారా? చెడిపోయి మళ్ళీ తీసిన చిత్రాలెన్ని, ఎందుకు చెడిపోయాయి? రంగు మందు ఎక్కించినప్పుడు రోగికి పడకపోతే అందుకు మందులు సిద్ధంగా ఉన్నాయా? ఎమ్.ఆర్.ఐ. గుమ్మంలో ఇనుము ఉన్నదో లేదో చూచే మనిషి ఎవరు?

మూడుసార్లు తీసిన మణికట్టు కథ ఇటువంటి చోట అయితే ఒక పుస్తకంలోకి ఎక్కుతుంది. నెలాఖరున ఎవరో ఒకరు దానికి జవాబు చెప్పాలి. లైసెన్సు మాత్రమే ఉన్నచోట ఆ రెండు చిత్రాలు చెత్తబుట్టలోకి పోవచ్చు, ఎవరూ లెక్క అడగరు.

అమెరికాలో కొంతవరకు గుర్తింపునే తప్పనిసరి చేశారు. స్త్రీల రొమ్ము క్యాన్సరును పట్టే ఎక్స్‌రే కేంద్రాలకు 1992లో చట్టం చేసి, 1994 అక్టోబరునుంచి గుర్తింపు ధ్రువపత్రం లేనివి పనిచేయకూడదన్నారు. అక్కడ పరీక్షకు కూర్చునేది ఒక మైనపు దిమ్మ. దానిలో సన్నని దారాలు, ఇసుక నలుసులవంటి చుక్కలు, చిన్న గడ్డలు దాచి ఉంటాయి. ఎన్నో ఏళ్ళు వాడిన దిమ్మకు పాసు మార్కులు ఇలా ఉండేవి: కనీసం నాలుగు దారాలు, మూడు చుక్కల గుంపులు, మూడు గడ్డలు చిత్రంలో కనపడాలి. దిమ్మలోని గడ్డను చూపలేని యంత్రం మనిషిలోని గడ్డను ఏం చూపుతుంది? 2012 జనవరినుంచి అక్కడ ఆసుపత్రి బయట నడిచే సి.టి., ఎమ్.ఆర్.ఐ. కేంద్రాలకు గుర్తింపు లేకపోతే వృద్ధుల ప్రభుత్వ బీమా డబ్బు చెల్లించడం మానివేసింది. చట్టంకన్నా డబ్బు ఆపడమే త్వరగా పనిచేస్తుందని వారి ఆలోచన. మన దగ్గర కూడా అలా చేయవచ్చునా అంటే, చిన్న పట్నాలలో ఉన్న ఒక్క కేంద్రమూ మూతబడితే రోగులు కాకినాడకో, రాజమహేంద్రవరానికో పరుగెత్తవలసి వస్తుంది. కాబట్టి చిన్న కేంద్రాలకు ముందు సాయంచేసి, తరువాత తప్పనిసరి చేయడం మంచిదని నాకు తోస్తుంది.

ఈసారి మీ ఇంట్లో ఎవరికైనా ఎక్స్‌రే అవసరమై వెంట వెళ్ళినప్పుడు లైసెన్సు కాగితం గోడమీద ఉన్నదేమో, దాని గడువు తేదీ ఏమిటో చదవండి. ఎర్ర దీపం వెలుగుతుందేమో చూడండి. పాత చిత్రాలు వెంట తీసుకువెళ్ళండి, వాటితో పని జరిగితే కొత్తవి తీయనక్కరలేదు. గోడమీద ఏమీ కనపడకపోతే మర్యాదగా అడగండి. అడగడం మీ హక్కు.

ఇక మీకొక లెక్క. కదలలేని రోగికి వార్డులోనే, చక్రాల ఎక్స్‌రే యంత్రాన్ని మంచం దగ్గరకు తెచ్చి ఫోటో తీస్తారు. అక్కడ గోడలు లేవు. అందుచేత స్విచ్చి తీగ పొడవు కనీసం రెండు మీటర్లుండాలని నియమం. రోగినుంచి ఒక మీటరు దూరంలో నిలబడ్డ నర్సుకు చెదరిన కిరణాలు 36 పాళ్ళు తగిలాయనుకోండి. రెండు మీటర్ల దూరంలో స్విచ్చి నొక్కినవానికి ఎన్ని పాళ్ళు? మూడు మీటర్ల దూరంలో పక్క మంచంమీద పడుకున్న రోగికి ఎన్ని? ఆ నర్సు ఎన్ని మీటర్లు జరిగితే తనకు తగిలేది ఒక్క పాలుకు తగ్గుతుంది? అంత దూరం మీ ఊరి ఆసుపత్రి వార్డులో ఉన్నదా?